తెల్ల రాణి పలుకులు



పిల్లల కథలలో దుష్టులు చేసిన పనులు మనకు జ్ఞాపకముండును గాని, వారు పలికిన మాటలు అంతగా జ్ఞాపకముండవు. అయినను దుష్టుడు చేయి ఎత్తుటకు ముందు నోరు తెరచును గదా! ఏదెను తోటలో సర్పము ఎవరిని కరవలేదు. ఒక ప్రశ్న అడిగెను, ఒక అబద్ధము చెప్పెను, అంతే. దానితోనే తోట పోయినది. కనుక నిరంకుశుల మాట ఎట్లుండునో తెలిసికొనుట బిడ్డలకు ఎంత అవసరమో, పెద్దలకును అంత అవసరము. ఈ నెల ఒక పేరుపొందిన బాలల కథలోని క్రూరరాణి పలుకులను మీ ముందుంచి, ఒక్కొక్కదానిని తూచి చూడదలచితిని.

ఆ కథ 1950వ సంవత్సరమున ఇంగ్లాండులో అచ్చయినది. వ్రాసినవాడు సి. ఎస్. లూయిస్. ఆయన 1898లో ఐర్లండులోని బెల్ఫాస్టు పట్టణమున పుట్టి, ఆక్స్‌ఫర్డులో అనేక సంవత్సరములు సాహిత్యము బోధించి, 1963లో కన్నుమూసెను. యౌవనములో దేవుడు లేడని వాదించినవాడే ముప్పది ఏండ్లు దాటిన పిమ్మట క్రీస్తును నమ్మెను. ఆ పుస్తకపు పేరును మన భాషలో ‘సింహము, మంత్రగత్తె, బట్టల బీరువా’ అని చెప్పవచ్చును. 1956 నాటికి ఆ వరుసలో ఏడు పుస్తకములు వెలువడినవి.

కథ ఎరుగనివారి కొరకు కొద్దిగా చెప్పుదును. యుద్ధకాలములో లండను మీద బాంబులు పడుచుండగా పీటరు, సూసను, ఎడ్మండు, లూసీ అను నలుగురు తోడబుట్టినవారు పల్లెలోని ఒక వృద్ధ ఆచార్యుని ఇంటికి పంపబడుదురు. ఆ యింటిలోని బట్టల బీరువాగుండ వారు నార్నియా అను వేరొక లోకములో ప్రవేశింతురు. అచ్చట మృగములు మాటలాడును. తెల్ల మంత్రగత్తె యొకతె తానే రాణినని చెప్పుకొని, ఆ దేశమును ఎడతెగని చలిలో బంధించియున్నది. ఆమె ఏలుబడిలో క్రిస్మస్ దినము రానేరాదు. ఎదురాడినవారిని తన మంత్రదండముతో రాతిబొమ్మలుగా మార్చివేయును. అయితే ఇద్దరు ఆదాము కుమారులును ఇద్దరు హవ్వ కుమార్తెలును అక్కడి నాలుగు సింహాసనములమీద కూర్చున్న దినమున ఆమె ఏలుబడి ముగియునని ఒక పూర్వపు మాట కలదు. ఆ దేశమునకు నిజమైన ప్రభువు అస్లాన్ అను సింహము. ఆయన దూరముననున్నాడు, కాని వచ్చుచున్నాడు.

ఆ రాణి మాటలను ఉన్నవి ఉన్నట్లు ఇక్కడ వ్రాయక, వాటి భావము మాత్రమే నా మాటలలో చెప్పుదును.

మొదట ఆమె ఎడ్మండును మంచు అడవిలో కలిసికొనును. తొలి పలుకు కఠినమైనది. రాణితో మాటలాడు తీరు ఇదేనా అని గద్దించి, దండమెత్తి వానిని రాయి చేయబోవును. అంతలో ఏదో తలపోసి చేయి దించును. చూడుము చదువరీ, ఆ క్షణమున ఆమె స్వరమే మారిపోవును! అయ్యో బిడ్డా, చలికి వణకుచున్నావే అని తన పక్కన కూర్చుండబెట్టుకొని, తన బొచ్చు శాలువ వానికి కప్పును. త్రాగుటకు వేడి పానీయమిచ్చును. ఏమి తినెదవని అడుగును. వాడు టర్కిష్ డిలైట్ అను మిఠాయి కోరును. అది పంచదారయు పిండిపదార్థమును కలిపి వండి, పైన పంచదార పొడి చల్లిన మెత్తని ముక్క, మన హల్వాకు దూరపు చుట్టము. బ్రిటను దేశములో 1942లో మిఠాయిలకు రేషను విధించిరి. 1949లో కొన్ని నెలలు సడలించి మరల విధించి, 1953 ఫిబ్రవరిలో గాని పూర్తిగా తీసివేయలేదు. కాబట్టి ఈ పుస్తకమును మొదట చదివిన పిల్లలకు ఎడ్మండు నోరూరుట ఎట్టిదో ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

వాడు తినుచుండగా ఆమె ప్రశ్నలు వేయును. ఎందరు తోడబుట్టినవారు? నలుగురేనా? నిశ్చయమా? పిమ్మట ఆశ చూపును. నాకు పిల్లలు లేరు, నిన్ను యువరాజును చేసెదను, నా తరువాత నీవే రాజువు, నీ అన్నను అక్కచెల్లెండ్రను తీసికొని రమ్ము అని చెప్పును. చివరకు, ఈ సంగతి వారికి చెప్పవద్దు, ఇది మన యిద్దరి రహస్యము అనును.

ఈ మాటలలో భయంకరమైనది ఏది? బెదిరింపు గాదు, దయ. చేపకు ఎర వేయువాడు దాని ఆకలి తీర్చుటకు వేయడు. మెత్తని మాట యంతయు ఆ చివరి మాట కొరకే పలుకబడినది. ఇంటివారికి చెప్పవద్దు! ఏ మేలైనను తల్లికి, తండ్రికి, తోడబుట్టినవారికి దాచవలెనని ఎవరైన చెప్పినప్పుడు ఆ మేలులో గాలము ఉన్నదని బిడ్డలకు నేర్పవలెను. ఈ ఒక్క పాఠము కొరకే ఆ పుస్తకము ప్రతి యింట చదివి వినిపింపదగినది. ఈ దినములలో బిడ్డలను చెరుపువారు ఈ మాటతోనే మొదలు పెట్టుదురని ఎరుగనివారు ఎవరు?

ఎడ్మండు తనవారిని విడిచి ఒంటరిగా ఆమె ఇంటికి పోవును. ఇప్పుడు శాలువ లేదు, పానీయము లేదు. మిగతావారిని తేకుండ ఒంటరిగా వచ్చుటకు ఎంత ధైర్యము అని మండిపడును. మిఠాయి అడిగిన వానికి ఎండు రొట్టెముక్కయు నీళ్లును పెట్టించును. రెండు సంభాషణలను పక్కపక్కన పెట్టి చదివినచో లూయిస్ నేర్పు తెలియును. రాణి మారలేదు, అవసరము తీరినది గనుక వేషము తీసివేసినది.

మూడవ పలుకు నాకు అన్నిటికంటె గొప్పగా కనబడినది. రాణి తన బండిలో పోవుచుండగా అడవిలో ఒక చిన్న విందు కనబడును. ఒక ఉడుత కుటుంబము, ఒక ముసలి నక్క, మరికొన్ని జీవులు బల్ల చుట్టు కూర్చుండి సంతోషముగా భుజించుచున్నవి. క్రిస్మస్ తాత ఎట్టకేలకు ఆ దేశములో ప్రవేశించి వారికి ఆ భోజనమిచ్చెను. రాణి బండి ఆపి ఏమనునో చూడుము. ఇంత తిండిపోతుతనమేమి, ఇంత వ్యర్థపు ఖర్చేమి, ఇంత భోగలాలసయేమి అని అడుగును!

చిన్నవానిని మిఠాయితో చెరిపిన నోరే ఇప్పుడు మితాహారమును బోధించుచున్నది. నిరంకుశుడు ఎల్లప్పుడు పాపభాషలోనే మాటలాడునని తలంపవద్దు. అనేక పర్యాయములు అతడు నీతిభాషనే మాటలాడును. ఇశ్రాయేలీయులు దేవుని సేవించుటకు సెలవడిగినప్పుడు ఫరో వారిని సోమరులని నిందించెను. నాబోతు ద్రాక్షతోట కావలసివచ్చినప్పుడు యెజెబెలు ఉపవాసదినము చాటింపుమని పెద్దలకు వ్రాయించెను. నరహత్యకు ఉపవాసము ముసుగు! లూయిస్ రాణి ఆ యిద్దరి వంశములోనిది.

అంతటితో ఆమె ఆగదు. ఈ విందు క్రిస్మస్ తాత ఇచ్చెనని నక్క చెప్పగా ఆమె మండిపడును. మేము చెప్పినది అబద్ధమని ఒప్పుకొనుడి, ఇప్పటికైనను క్షమించెదను అనును. నిజము పలికినవారిని అబద్ధమాడి క్షమాపణ పొందుమన్నది! ఆమెకు కావలసినది వారి ప్రాణము గాదు, వారి సాక్ష్యము. అయితే ఒక ఉడుతపిల్ల ఉండబట్టలేక, ఆయన వచ్చెను, నిజముగా వచ్చెను అని చెంచాతో బల్ల కొట్టుచు కేకవేయును. వెంటనే విందు యంతయు రాతిబొమ్మలగును. వద్దని బతిమాలిన ఎడ్మండు చెంప పగులును. కాని కథలో మొదటిసారిగా వాని హృదయములో తన కొరకు గాక ఇతరుల కొరకు జాలి పుట్టినది అక్కడనే. రాణి గెలిచితినని తలంచిన చోటనే ఒకడు ఆమె చేజారిపోయెను.

తరువాత మంచు కరుగును, సెలయేళ్లు పారును, పువ్వులు పూయును. ఇది అస్లాన్ చేసిన పని అని ఆమె మరుగుజ్జు సేవకుడు అనగానే, ఆ పేరు మరల ఎత్తినవాని ప్రాణము తక్షణమే పోవునని రాణి ఆజ్ఞాపించును. వసంతమును ఆపలేనివాడు వసంతమన్న మాటను నిషేధించును. యెరూషలేము పెద్దలు అపొస్తలులను చేసిన కట్టడి జ్ఞాపకము వచ్చుట లేదా?

ఇక 1955లో వెలువడిన మరియొక పుస్తకమునకు పోవుదము. దాని పేరునకు ‘మాంత్రికుని మేనల్లుడు’ అని అర్థము. ఈ రాణి నార్నియాకు రాకపూర్వపు చరిత్ర అందులో ఉన్నది. ఆమె పేరు జేడిస్. చార్న్ అను మహానగరమును ఏలుటకు తన సొంత సోదరితో పోరాడి, ఓడిపోవు గడియలో తాను రహస్యముగా నేర్చిన ఒకే ఒక మాట పలికి, తాను తప్ప ఆ లోకములోని సర్వప్రాణిని చంపివేసెను. డిగరీ అను బాలుడు, మరి ఆ సాధారణ ప్రజల మాటయేమి అని అడుగును. ఆమెకు ఆ ప్రశ్నయే అర్థము కాదు. వారు నా ప్రజలు, నా చిత్తము నెరవేర్చుటకు గాక మరెందుకున్నారు అనును. సామాన్యులకు తప్పైనది మహారాణికి తప్పు కాదనియు, లోకభారము మోయువారు ఏ నియమమునకును లోబడనక్కర లేదనియు, తమ గతి ఉన్నతమైనది, ఏకాంతమైనది అనియు చెప్పుకొనును.

ఇక్కడ రచయిత చేసిన పని గమనింపుము. అవే మాటలను అంతకుముందే డిగరీ మేనమామ ఆండ్రూ పలికియుండెను. అతడు ఇంటి అటకగదిలో పిల్లలను మోసగించి తన ప్రయోగములకు వాడుకొనిన పిరికి ముసలివాడు. రాణి నోట ఆ మాటలు గంభీరముగా వినబడెను, మేనమామ నోట వెకిలిగా వినబడెను. కాని మాటలు ఒక్కటే! గొప్పతనము మాటలో లేదు, పలికినదాని ఎత్తులోను అందములోను ఉన్నది. నియమము మీకే గాని నాకు కాదు అను మాట లోకములను నాశనముచేసిన రాణి నోట పుట్టినను, ఒక చిన్న సంఘపు లెక్కల పుస్తకము దాచుకొనిన పెద్ద నోట పుట్టినను, యింటి భార్యను కొట్టిన భర్త నోట పుట్టినను, అది ఒకే వేరునుండి మొలచిన కలుపు. సింహాసనము మీద కనబడిన దుష్టత్వమును తన అరుగుమీద గుర్తుపట్టలేనివాడు కథ చదివియు చదువనివాడే.

ఆ పుస్తకములోనే ఇంకొక శోధన యున్నది. డిగరీ తల్లి మరణకరమైన రోగముతో మంచముపట్టియున్నది. అస్లాన్ ఆజ్ఞచొప్పున ఒక పండు తెచ్చుటకు వాడు తోటకు వెళ్లగా జేడిస్ అక్కడ ఎదురగును. ఆ పండును సింహమునకు గాక మీ అమ్మకు ఇయ్యుము, బాగుపడును. ఆ సింహము నీకు చేసిన మేలేమి. అమ్మను బ్రదికింపగలిగియు ఊరకుంటివని తెలిసిన ఆమె ఏమనుకొనును అని అడుగును. లూయిస్ తొమ్మిదేండ్ల వయస్సున, 1908లో, తన తల్లిని క్యాన్సరుచేత పోగొట్టుకొన్నవాడని తెలిసి ఈ పుటలు చదివినచో కన్ను చెమ్మగిల్లును. శోధకుడు ఎల్లప్పుడు చెడ్డ కోరికనే పట్టుకొనడు. మనలోని అత్యంత పరిశుద్ధమైన ప్రేమనే పట్టుకొని లాగును.

అయితే ఆమె ఒక మాట ఎక్కువ పలికెను. నీతో వచ్చిన పాలీ అను పిల్లను ఇక్కడనే విడిచిపెట్టుము, ఇంటికడ నిజము చెప్పువారు ఎవరును ఉండరు అనెను. ఆ నీచపు మాటతో డిగరీకి కన్నులు తెరచుకొన్నవి. తల్లిమీద ఇంత జాలి చూపునట్టిది ఈ చిన్నదానిమీద ఏల చూపదు? ఒక్కరిని ప్రేమింపుమని చెప్పుచు వేరొకరిని బలియిమ్మను స్వరము ప్రేమస్వరము కాదు. వాడు కన్నీళ్లతో పండును అస్లాన్‌కే తెచ్చి యిచ్చెను. తల్లి ప్రాణమును పిమ్మట ఆయన చేతినుండి దానముగా పొందెను.

ఇప్పుడు మొదటి పుస్తకపు చివరకు రమ్ము. పశ్చాత్తాపపడి తిరిగివచ్చిన ఎడ్మండు అస్లాన్ పాళెములో నిలిచియుండగా రాణి వచ్చి, మీలో ఒక ద్రోహి యున్నాడు, ద్రోహి ప్రాణము చట్టప్రకారము నాది అని వాదించును. ఆమె అబద్ధమాడుట లేదు! అదే భయంకరము. ఫిర్యాదివాని నోట నిజము కత్తియగును. జెకర్యా చూచిన దర్శనములో ప్రధానయాజకుడైన యెహోషువ వస్త్రములు నిజముగానే మలినమైయుండెను. అపవాది ఆ మలినమును కల్పింపలేదు. అయితే ఆ వస్త్రములు తీసి వేరు వస్త్రములు తొడిగించు ప్రభువు ఒకడున్నాడని అతడు చెప్పడు.

ఆ రాత్రి అస్లాన్ ఎడ్మండుకు మారుగా తన్ను తాను అప్పగించుకొనును. రాతిబల్లమీద కట్టబడిన ఆయనపై కత్తి ఎత్తకముందు రాణి వంగి చెవిలో పలుకును. గెలిచినది ఎవరు? నీవు చచ్చిన పిమ్మట ఆ పిల్లవానిని కాపాడువారెవరు? నీ ప్రాణమును పోయినది, వానిదియు దక్కలేదు. ఇది తెలిసికొని నిరాశతో చావుము అని దాని భావము. ఆమె పలుకులన్నిటిని పిండినచో మిగులు రసమిదే. మిఠాయి, ఆశ, నీతిబోధ, చట్టము, ఇవన్నియు మెట్లు. చివరి మెట్టు నిరాశ. ఆయన బదులు చెప్పలేదు. తెల్లవారుటయే బదులు! నిర్దోషి తనంతట తాను దోషికి మారుగా నిలిచినచోట ఆ పాత చట్టమే ఓడునని ఆమెకు తెలియదు. బల్ల రెండుగా పగిలెను, సింహము లేచెను. ఆమె విద్య కాలారంభము వరకే పోయినది. దానికి ఆవల నున్నది ఆమె చదువలేదు.

విమర్శకుడు లోపములను దాచరాదు. మొదటి పుస్తకములో ఈ రాణి పుట్టుక ఒక విధముగను, 1955 నాటి పుస్తకములో వేరొక విధముగను చెప్పబడినది; రెండును పొసగవు. అంతకంటె ముఖ్యమైనది, ద్రోహిపై ఆమెకు నిజముగా హక్కున్నట్లు కథ చెప్పుటచేత, అపవాదికి మనపై న్యాయమైన సొత్తుహక్కు కలదని బిడ్డలు తలంపవచ్చును. మనము పాపము చేసినది దేవునికి విరోధముగా. అపవాది ఫిర్యాదియే గాని యజమానుడు కాడు. చదివించు పెద్దలు ఈ సంగతి విప్పి చెప్పవలెను. మంత్రములున్న కథ విశ్వాసుల యింట ఏల అని అడుగువారును కలరు. వారి జాగ్రత్త మంచిదే. కాని ఈ కథలో దండము చేతబట్టి ఇతరులను వంచిన రాణి వైపు ఏ బిడ్డయు మొగ్గదు. ఆ దండమును విరుగగొట్టువాడు తిరిగివచ్చిన ఎడ్మండే.

చదువరీ, ఒక రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయిరి. ఒకడు ప్రభువును అమ్మెను, ఒకడు ఎరుగనని బొంకెను. యూదా చెవిలో నిరాశ పలికిన మాటను అతడు నమ్మెను. పేతురు చెవిలోను అది పలికియుండును. అయినను అతడు ఏడ్చి తిరిగివచ్చెను. నీ సంఘములో తప్పిపోయి, ఇక నాకు దారి లేదని గుడి వెనుక బల్లమీదనైన కూర్చుండుటకు సిగ్గుపడు ఒకడు ఉండవచ్చును. వానితో మన మాట ఎవరి మాటవలె నున్నది? నీవు చేసినది మాకు తెలియును అని చెప్పి ఊరకుందుమా? అట్లయిన మనము చెప్పినది నిజమే కావచ్చును గాని, ఆ నిజము రాణి పలుకులోని సగమే. మిగిలిన సగము రాతిబల్ల పగిలిన ఉదయమున ఉన్నది. దానిని వానికి చెప్పువారు కావలెను. ఈ ఆదివారము వాని యింటికి పొమ్ము.